పిల్లల ఫోన్‌లో లొకేషన్ యాప్: కాపలానా, అనుమానమా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, పిల్లల మానసిక నిపుణురాలు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, డిగ్రీ విద్యార్థిని)

యాంకర్: నమస్కారం. పదిహేనేళ్ల పిల్లల ఫోన్‌లో వాళ్లకు తెలియకుండా లొకేషన్ యాప్ పెట్టొచ్చా? ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే గొడవ. ముగ్గురికీ సమానంగా సమయమిస్తాను. సూటిగా అడుగుతున్నా, పిల్లల ఫోన్ పాస్‌వర్డ్ తల్లిదండ్రుల దగ్గర ఉండాలా, వద్దా? మాస్టారూ, మీరు చెప్పండి.

మాస్టారు: ఉండాలండి. ఆ వయసులో దూకుడెక్కువ, ముందుచూపు తక్కువ. యాప్ కూడా పిల్లలకు చెప్పి పెడితే...

నిపుణురాలు: చెప్పి పెట్టడం వేరు, చెప్పకుండా పెట్టడం వేరు!

మాస్టారు: నేనూ అదే అనబోతున్నానమ్మా.

నిపుణురాలు: ఒక్క నిమిషం మాస్టారూ. దూకుడు నిజమే. ముందూవెనకా ఆలోచింపజేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వస్తాయి. అలాగని పాతికేళ్లదాకా కాపలా కాస్తామా? 2000లో స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు ఏం చూపించారంటే, పిల్లల సంగతులు పెద్దలకు ఎక్కువగా తెలిసేది నిఘా వల్ల కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల. దొంగచాటు యాప్ బయటపడితే ఆ చెప్పడం ఆగిపోతుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తారు. మ్యాప్‌లో చుక్క ఇంట్లోనే ఉంటుంది, పిల్ల ఉండదు.

యాంకర్: పాస్‌వర్డ్ సంగతి?

నిపుణురాలు: వస్తున్నా. ఇది పదిహేనో ఏట మొదలయ్యేది కాదు. ఏడాదిన్నర పిల్ల చెంచా లాక్కుని ‘నేనే’ అంటుందే, అప్పుడే మొదలు. ఏ పనైనా నాలుగు మెట్లలో అప్పగించాలి. మీరు చేస్తుంటే చూడాలి, తర్వాత కలిసి చేయాలి, తర్వాత వాళ్లు చేస్తుంటే మీరు చూడాలి, చివరికి మీరు తప్పుకోవాలి. రోడ్డు దాటడమే తీసుకోండి. పదేళ్లలోపు పిల్లలకు వచ్చే బండి వేగం సరిగా అంచనాకు రాదు. అందుకే మొదట చెయ్యి పట్టుకుని దాటించాలి. తర్వాత మీరు పక్కనే ఉండి, ‘ఇప్పుడు దాటొచ్చా?’ అని వాళ్లనే అడగాలి. చెడేది మూడో మెట్టు దగ్గరే. ఆలస్యమవుతోందని మనమే చేసేస్తాం. లేసులు కూడా మనమే కట్టేస్తాం.

విద్యార్థిని: నేనొకటి చెప్పనా? పొద్దున లేపడం కూడా...

నిపుణురాలు: మంచి మాట! యుక్తవయసులో మెలటోనిన్, అంటే నిద్రకు సిద్ధం చేసే హార్మోన్, రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది. నిద్ర ఆలస్యమయ్యేది అందుకే, బద్ధకం వల్ల కాదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అలారం వాళ్లే పెట్టుకోవాలి. మీరు ఒక్కసారి కూడా లేపకూడదు. మొదట్లో రెండు మూడు సార్లు ఆలస్యమైనా ఫర్వాలేదు.

యాంకర్: రాత్రి ఫోన్ చూడటం వల్లే కదా ఆ ఆలస్యం? మళ్లీ పాస్‌వర్డ్ దగ్గరికే వచ్చాం!

మాస్టారు: నన్ను చెప్పనివ్వండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం, అయిదో అధికరణం, దారి చూపే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులకు ఉన్నాయంటుంది.

నిపుణురాలు: ‘ఎదుగుతున్న సామర్థ్యానికి తగ్గట్టు’ అని కూడా అంటుంది. పదహారో అధికరణం గోప్యత గురించి. మొత్తం చెప్పండి.

మాస్టారు: కాదనలేదమ్మా, కానీ భద్రత...

నిపుణురాలు: భద్రతకే చెబుతున్నా. యాప్ పెట్టాలనుకుంటే ఎదురుగా కూర్చుని మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు చూస్తారు? చెప్పిన సమయానికి అరగంట దాటి, ఫోన్ ఎత్తకపోతేనే. ఎవరు చూస్తారు? ఎప్పుడు తీసేస్తారు? మూడు నెలలకోసారి మళ్లీ మాట్లాడండి. మీ లొకేషన్ కూడా వాళ్లకు కనబడాలి. మాట తప్పితే ఒక్క మెట్టే వెనక్కి. ఫోనూ, స్నేహితులూ, ఆటలూ అన్నీ ఒకేసారి లాక్కుంటే మరోసారి నిజం చెప్పరు.

విద్యార్థిని: నిజమేనండి, కానీ పాస్‌వర్డ్...

యాంకర్: చూశారా, ఈ అమ్మాయి కూడా పాస్‌వర్డే అంటోంది! మాస్టారూ, పది సెకన్లు.

మాస్టారు: మరి ప్రాణం మీదికొస్తే? అప్పుడు ఒప్పంద కాగితం తీసి చూస్తామా?

నిపుణురాలు: అలాంటప్పుడు పిల్లలు భయపడకుండా మీకే ఫోన్ చేయాలి. ఎంత రాత్రయినా ముందు వెళ్లి తీసుకురండి, ప్రశ్నలు మర్నాడు...

మాస్టారు: ఫోన్ చేసే స్థితిలో లేకపోతే?

నిపుణురాలు: అందుకే చెప్పి పెట్టమంటున్నా!

మాస్టారు: మొదట నేనన్నదీ అదే కదమ్మా!

యాంకర్: సమయం అయిపోయింది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్నది రేపు ఇదే సమయానికి మళ్లీ మాట్లాడుకుందాం.