స్కాలర్‌షిప్ రాని కుర్రాడు, 14 నంబరు జెర్సీ: జెఫ్ హార్నసెక్ రివ్యూ

హాయ్ అండీ, నమస్కారం. ముందు స్పాన్సర్ సంగతి చెప్పేస్తాను. నా చేతిలో ఉన్న ఈ బంతి ఒక కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. నచ్చిన ఆటగాడి మీద వీడియో చేసుకోండి, మధ్యలో బంతి కనిపిస్తే చాలు అన్నారు. కనిపిస్తోంది కదా? సరే, ఇక మన పని మనం చూసుకుందాం.

ఇవాళ్టి ఆటగాడు అమెరికన్ బాస్కెట్‌బాల్ గార్డు జెఫ్ హార్నసెక్. ఎత్తు, బరువు, ఏ సీజన్‌లో ఎన్ని పాయింట్లు, ఇవన్నీ ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. అవి మళ్లీ చదివి మీ టైమ్ తినను. కాలేజీ టీమ్‌లోకి స్కాలర్‌షిప్ లేక, సొంతంగా ఫీజు కట్టి వచ్చినవాడు అక్కడ ఎలా నిలబడ్డాడు? నాకు కావలసింది అది.

చికాగో పక్కన లా గ్రాంజ్‌లో హైస్కూల్ చదివాడు. నాన్న హైస్కూల్ కోచ్. ఇంట్లోనే కోచ్ ఉన్నా పెద్ద కాలేజీల నుంచి స్కాలర్‌షిప్ పిలుపు రాలేదు. సన్నగా ఉంటాడు, గొప్పగా ఎగరలేడు, పరుగూ అంతంతమాత్రమే. కొన్నాళ్లు పేపర్ కప్పుల ఫ్యాక్టరీలో పని చేశాడు. ఆ తర్వాత అయోవా స్టేట్ యూనివర్సిటీలో వాక్-ఆన్‌గా చేరాడు. టీమ్‌తో పాటు ప్రాక్టీస్ చేయొచ్చు, ఫీజు మాత్రం సొంతంగా కట్టుకోవాలి. అమెరికాలో పిల్లల్ని బాస్కెట్‌బాల్‌లో పెట్టిన మనవాళ్లకి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు, అక్కడి కాలేజీ ఫీజులు మీకే బాగా తెలుసు.

మామూలుగా వాక్-ఆన్ బతుకంటే బెంచి చివర కుర్చీ. మ్యాచ్ తేలిపోయాక ఆఖరి నిమిషంలో దింపుతారు, జనం సరదాకి చప్పట్లు కొడతారు, అయిపోయింది. ఈయన మాత్రం కోచ్ జానీ ఓర్‌ని ఒప్పించి స్కాలర్‌షిప్ సంపాదించాడు, మ్యాచ్ మొదట్లోనే దిగే స్టార్టర్ అయ్యాడు. 1986లో కాలేజీ ఆట ముగించేనాటికి 665 అసిస్టులు, అంటే తోటివాడు బుట్ట వేసేలా అందించిన పాస్‌లు. అప్పట్లో అది బిగ్ ఎయిట్ అనే కాలేజీల లీగ్‌లో రికార్డు.

అసిస్టులు అన్నాను, గమనించారా? పాయింట్లు కాదు. కొత్తగా వచ్చిన వాక్-ఆన్ తానూ బుట్టలు వేసేస్తానంటే, స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లు బంతే ఇవ్వరు. కానీ వాళ్లకి సరైన క్షణంలో, సరైన చేతికి బంతి అందించేవాణ్ణి పక్కన పెట్టమని ఎవరూ అడగరు. సెలెక్షన్లలో ఎంత ఎగిరాడు, ఎంత పరిగెత్తాడు అని కొలుస్తారు. పాస్ అర సెకను ముందు వచ్చిందా, వెనక వచ్చిందా అన్నది కొలవడానికి టేపు లేదు. అది తెలియాలంటే ఒక సీజన్ పక్కన ఆడాలి. ఆయనకి ఆ సీజన్ దొరికింది, అంతే.

1986 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి, అంటే కాలేజీ జట్ల జాతీయ పోటీకి వద్దాం. మొదటి మ్యాచ్ ఒహాయోలోని మయామీ యూనివర్సిటీతో. ఓవర్‌టైమ్ చివర్లో హార్నసెక్ చాలా దూరం నుంచి వేసిన షాట్‌తో గెలిచారు, 81-79. ఇప్పుడైతే దానికి మూడు పాయింట్లు. కాలేజీ ఆటలో దేశమంతటా మూడు పాయింట్ల గీత వచ్చింది సరిగ్గా ఆ తర్వాతి సీజన్ నుంచి! ఆ గీత లేని కాలేజీలో నాలుగేళ్లు ఆడినవాడు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లి 1998లో, 2000లో త్రీ పాయింట్ పోటీ గెలిచాడు. తర్వాతి మ్యాచ్ మిషిగన్‌తో. అది జానీ ఓర్ అంతకుముందు కోచింగ్ చేసిన కాలేజీ. 72-69తో దాన్నీ కొట్టారు.

ఇప్పుడు నా పిచ్చికి వస్తాను, భరించండి. హార్నసెక్ వేసే రన్నర్ అనే షాట్. బుట్ట వైపు పరిగెడుతూ, ఎదుటి టీమ్ పొడుగువాడు చేతులెత్తేలోపే ఒంటి కాలి మీద ఒంటి చేత్తో బంతిని పైకి తోసేస్తాడు. ఒళ్లు ఒక పక్కకి వంగి ఉంటుంది, చూస్తే జారి పడబోతున్నాడేమో అనిపిస్తుంది. బోర్డుకి తగిలి లోపల పడుతుంది. ఏ కోచింగ్ క్యాంపులోనూ ఇది మొదటి రోజు నేర్పరు. ఎగరలేనివాడు పొడుగువాళ్ల మధ్య బతకడానికి కనిపెట్టుకున్న షాట్ ఇది. మా కాలనీ సిమెంట్ కోర్టులో నేనూ వేస్తుంటాను. పది వేస్తే పక్కింటి కుర్రాళ్లకి పది నవ్వులు. ఇదివరకు వాడిన రబ్బరు బంతి నున్నగా అరిగిపోయి వేళ్ల మీదే జారిపోయేది. ఈ కొత్త బంతికి గ్రిప్ ఉంది, అది ఒప్పుకుంటాను. సిమెంట్ మీద ఎన్నాళ్లుంటుందో చూడాలి. బంతి రివ్యూ అయిపోయింది.

ఫ్రీ త్రో, అంటే ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్, దాని ముందు చెంప మీద మూడుసార్లు రాసుకోవడం కూడా చూసే ఉంటారు. ముగ్గురు పిల్లలకి హలో చెప్పడమట. చివరి సీజన్ 1999-2000లో, మోకాళ్లు పూర్తిగా అరిగిపోయిన వయసులో, 95 శాతం ఫ్రీ త్రోలు వేశాడు. వంద వేస్తే ఐదు పోయాయి!

ఇక నా చిరాకు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1986లో, ఫీనిక్స్ ఈయన్ని 46వ నంబరులో తీసుకుంది. 1992లో ఆల్ స్టార్ అయ్యాడు. అదే ఏడాది ఇద్దరితో కలిపి ఫిలడెల్ఫియాకి పంపేసి, అక్కడి స్టార్ చార్లెస్ బార్క్‌లీని తెచ్చుకున్నారు. నెట్‌లో ఏ వీడియో చూసినా ఈయన అక్కడే వస్తాడు, "బార్క్‌లీ కోసం ఇచ్చినవాళ్లలో ఒకడు" అని. ఆ తర్వాత యూటా వెళ్లాడు, అక్కడి స్టార్లు స్టాక్టన్, మలోన్‌లతో 1997లో, 1998లో ఫైనల్స్ ఆడాడు. మళ్లీ అదే కథ, ఆ ఇద్దరి పోస్టర్, ఈయన అంచున. మలోన్ పెట్టిన స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) చుట్టూ తిరుగుతూ ఈయన డిఫెండర్‌ని ఎలా ఊపిరాడకుండా పరిగెత్తించాడో హైలైట్ రీల్‌లో కనపడదు. కెమెరా బంతి వెంట పోతుంది కదా. పూర్తి మ్యాచ్ దొరికితే బంతి వదిలేసి ఈయన్ని మాత్రమే చూడండి.

లోపాలు లేవా? ఉన్నాయి. బలమైన, వేగమైన గార్డులు ఎదురైతే డిఫెన్స్‌లో ఇబ్బందే. ఫైనల్స్ రెండుసార్లూ చికాగో చేతిలో ఓడిపోయారు, ఛాంపియన్లకిచ్చే ఉంగరం లేదు. పోయిన వీడియోలో ఆ చికాగో స్టార్ స్కాటీ పిప్పెన్‌కి నేను పదికి తొమ్మిదిన్నర ఇచ్చాను. ఆయనా చిన్న కాలేజీలో స్కాలర్‌షిప్ లేకుండా మొదలైనవాడే, కానీ కాలేజీలో చేరాక ఆరేడు అంగుళాలు పొడుగయ్యాడు. హార్నసెక్‌కి ఆ అదృష్టమూ లేదు.

లిస్టు పెట్టుకుని మార్కులేస్తే ఎనిమిది వస్తాయి. నేను తొమ్మిదిన్నరే ఇస్తున్నాను, ఆ వంకర రన్నర్ కోసం. పిప్పెన్ ఫ్యాన్స్ కామెంట్లలో తిట్టుకోండి, అన్నీ చదువుతాను.