సరఫరాల అధికారి నుంచి సియర్స్ ఛైర్మన్ దాకా

మిత్రులారా,

సైన్యం నుంచి వచ్చినవారు ఎవరైనా కంపెనీని నడిపితే వెంటనే వారి క్రమశిక్షణను మెచ్చుకుంటాం. అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ సియర్స్‌ను నడిపిన రాబర్ట్ వుడ్ జీవితం చదివాక నాకు ఆ మెచ్చుకోలు చాలదనిపించింది. ఎక్కడ ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఏం కావాలి, అది ఎప్పటికి చేరాలి అని ముందే లెక్కకట్టే అలవాటే ఆయన సైన్యంలో సంపాదించిన అసలు ఆస్తి.

1900లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్న వుడ్, 1905 నుంచి పదేళ్లు పనామా కాలువ పనుల్లో గడిపారు. అడవి, బురద, జ్వరాలు. వేలాది కూలీలకు తిండి, బస, కట్టడానికి సిమెంటు. సరుకులు చాలావరకు ఓడల్లోనే రావాలి. అక్కడి సరఫరాల విభాగానికి ఆయనే అధిపతి అయ్యారు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, మొత్తం అమెరికా సైన్యానికే సరఫరాల బాధ్యత చూశారు.

1919లో సైన్యం వదిలి మాంట్‌గోమరీ వార్డ్‌లో చేరారు. ఇంటింటికీ కేటలాగు పంపి, ఉత్తరాల ద్వారా ఆర్డర్లు తీసుకుని, పార్సిళ్లలో సరుకు అమ్మే కంపెనీ అది. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. వుడ్ ఇష్టంగా చదివే పుస్తకం, అమెరికా ప్రభుత్వం ఏటా అచ్చువేసే గణాంకాల సంకలనం! ఆ పట్టికల్లో ఆయనకు రెండు సంగతులు కనిపించాయి. జనం పల్లెలు వదిలి పట్టణాలకు పోతున్నారు. పల్లెలో మిగిలిన రైతు కారు కొంటున్నాడు. కారున్న రైతు పార్సిల్ కోసం ఎందుకు ఎదురుచూస్తాడు? నేరుగా దుకాణానికే వస్తాడు. కాబట్టి దుకాణాలు తెరవాలన్నారు వుడ్. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1924లో ఆయన బయటికి రావలసి వచ్చింది.

అదే ఏడాది ప్రత్యర్థి కంపెనీ సియర్స్ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్ ఆయనను ఉపాధ్యక్షుడిగా తీసుకున్నారు. 1925లో షికాగోలో తొలి దుకాణం తెరిచారు. తర్వాత వాటిని కారు నిలుపుకొనే జాగా ఉన్నచోట, నగరం నడిబొడ్డుకు దూరంగా కట్టించారు. 1931లో దుకాణాల అమ్మకాలు కేటలాగు అమ్మకాలను దాటాయి. 1939లో వుడ్ ఛైర్మన్ అయ్యారు.

ఆయన చేసినవన్నీ నాకు నచ్చవు. 1940లో, హిట్లర్ యూరప్‌ను మింగేస్తున్న వేళ, అమెరికా యుద్ధంలోకి దిగరాదన్న అమెరికా ఫస్ట్ కమిటీకి నాయకత్వం వహించారు. లెక్కలు అంత బాగా తెలిసిన మనిషి ఆ ప్రమాదాన్ని అంచనా వేయలేకపోవడం నన్ను బాధపెడుతుంది.

వ్యాపారంలో మాత్రం చూపు చెదరలేదు. 1945 తర్వాత, మళ్లీ మాంద్యం వస్తుందన్న భయంతో మాంట్‌గోమరీ వార్డ్ ఛైర్మన్ సూయెల్ ఏవరీ డబ్బు కదపకుండా కూర్చున్నారు. వుడ్ ధైర్యం చేసి దుకాణం మీద దుకాణం తెరిపించారు. 1954లో ఆయన పదవి దిగేనాటికి, ఒకప్పుడు ఆయన మాట కాదన్న కంపెనీ సియర్స్‌ను అందుకోలేనంత వెనకబడిపోయింది.