ఎపిసోడ్ 41: స్పార్టకస్, తలుపులు మూసిన రాత్రి

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది. ఈసారి ఎండుమిరపకాయలు ఎవరూ వేయించడం లేదు కదా?

అక్క: లేదురా, తలుపు వేసే వచ్చాను. చెప్పు.

తమ్ముడు: 2010లో వచ్చిన టీవీ సీరియల్ 'స్పార్టకస్: బ్లడ్ అండ్ శాండ్', పదమూడో ఎపిసోడ్. రోమ్ కాలంలో జనం ముందు కత్తులతో పోరాడే బానిసలు, అదే గ్లాడియేటర్లు, స్పార్టకస్ వెంట తిరగబడే రాత్రి. ఇటలీలోని కాపువాలో వాళ్ళ యజమాని బటియాటస్ ఇంట్లో విందు, ఊళ్ళో పెద్దమనుషులంతా అక్కడే. బయట తలుపులు బిగించేశారు. ఇక రక్తం చిమ్మి మన టీవీ అద్దానికే అంటుకున్నట్టుంటుంది. తోటి గ్లాడియేటర్ క్రిక్సస్ డాలు పట్టుకుంటే దాని మీంచి స్పార్టకస్ మేడ మీదికి ఎగిరి...

అక్క: అంతా బాగుంది. వంటిల్లేదీ?

తమ్ముడు: మొదలైంది.

అక్క: నవ్వకు. పాతకాలం గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిందేమిటి? పారిపోదామనుకున్నది 200 మంది. ఎవడో చెప్పేశాడు. బయటపడ్డది 78 మంది. వాళ్ళ చేతుల్లో ఉన్నవి వంటింట్లోంచి లాక్కున్న కత్తులూ, మాంసం కాల్చే చువ్వలూ. అసలు ఆయుధాలు తర్వాత దారిలో బళ్ళ మీద పోతుంటే కొట్టేశారు.

తమ్ముడు: స్లో మోషన్‌లో చువ్వ ఏం బాగుంటుంది అక్కా!

అక్క: చువ్వే ఎక్కువ భయం. మసి, జిడ్డు, చేతిలో జారుతుంది. పట్టుకోవడానికి సరైన పిడి కూడా ఉండదు. దాంతో కవచం వేసుకున్న కాపలావాడి మీదికి పోవాలి. అది చూపిస్తే నేను మంచం కింద దూరేదాన్ని.

తమ్ముడు: నువ్వు బొద్దింకకే దూరతావు.

అక్క: ఆ విషయం వదిలెయ్. ఇంకోటి, ఆ వంటింట్లో వండేదేమిటో తెలుసా?

తమ్ముడు: బార్లీ. ఇది నాలుగో ఎపిసోడ్ నువ్వు బార్లీ అనడం.

అక్క: వాళ్ళని రోమ్‌లో 'బార్లీగాళ్ళు' అనే పిలిచేవాళ్ళురా! ఇప్పటి టర్కీలో ఎఫెసస్ దగ్గర గ్లాడియేటర్ల సమాధులు దొరికాయి. ఎముకలు పరీక్షిస్తే ఎక్కువగా గింజలూ చిక్కుళ్ళే తిన్నట్టు తేలింది. పైగా బూడిద కలిపిన నీళ్ళు తాగేవాళ్ళట.

తమ్ముడు: మరి ఆ సిక్స్ ప్యాక్?

అక్క: నూనె. నూనె, లైటింగ్. ఒంటి మీద కాస్త కొవ్వుంటే కత్తి లోపలిదాకా దిగదని ఒక వాదన కూడా ఉంది.

తమ్ముడు: నేను ఒప్పుకోను. పొట్ట వేసుకుని అంతసేపు కొట్టుకుంటారా?

అక్క: మన వీధి చివర కుస్తీ మేష్టారికి పొట్ట లేదా?

తమ్ముడు: ...ఉంది. అయినా స్పార్టకస్ వేషం వేసిన ఆండీ విట్‌ఫీల్డ్‌ని పొట్టతో ఊహించుకోలేను.

అక్క: ఆ మనిషి పేరెత్తకురా.

తమ్ముడు: ఎత్తాలి. మొదటి సీజన్ అయ్యాక క్యాన్సరని తెలిసింది. ఆయన తిరిగొస్తాడని షూటింగ్ ఆపారు, ఈలోపు వెనకటి కథతో ఆరు ఎపిసోడ్లు తీశారు. 2011 సెప్టెంబరులో పోయాడు.

అక్క: తర్వాత వచ్చిన లియామ్ మెకింటైర్ బాగానే చేశాడు. నాకే చాలాసేపు కుదురు చిక్కలేదు. ఇంట్లో ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నట్టు.

తమ్ముడు: ఊఁ.

అక్క: ...

తమ్ముడు: సరే, అసలు టాపిక్. తప్పించుకున్న గ్లాడియేటర్లు కాపువా నుంచి వెళ్ళి వెసూవియస్ కొండెక్కారు. కింద రోమన్ సేనాని గ్లాబర్ సైన్యం కాపు కాస్తోంది. వీళ్ళు అడవి ద్రాక్ష తీగెలు నిచ్చెనలా అల్లి, వెనకవైపు దిగి, సైన్యాన్ని చుట్టుముట్టి...

అక్క: ద్రాక్ష ఆకులు తింటారు, తెలుసా? లోపల అన్నం పెట్టి చుట్టి...

తమ్ముడు: ఆపేస్తున్నాను.

అక్క: ఉడకబెడతారురా, నిజం, నిమ్మకాయ పిండి—