డెల్టా జెట్‌కి పవర్ పెంచాలా, బరువు తగ్గించాలా? అనంతపురం ఎండలో రివ్యూ

అందరికీ నమస్కారం. ఇది బళ్ళారి రోడ్డు పక్కన బుడ్డలు వేసే చేను. ఇప్పుడు ఖాళీగా ఉంది, చేనాయన్ని అడిగే ఎగరేస్తున్నాం. చేతిలో ఉన్నది తేజస్ యుద్ధవిమానం ఆకారంలో, రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ మోడల్ జెట్. వెనక అడ్డ తోక లేదు, త్రికోణపు రెక్కే అంతా, దీన్నే డెల్టా అంటారు. లోపల 70 ఎంఎం ఈడీఎఫ్, అంటే గొట్టంలో తిరిగే ఫ్యాన్. 6ఎస్ లైపో, అంటే ఆరు సెల్స్ ఉన్న లిథియం బ్యాటరీతో నడుస్తుంది.

"అన్నా, 80 ఎంఎం వేస్తే ఇంకా బాగా పోతుంది కదా?" అని చాలామంది అడుగుతున్నారు. పోతుంది. కానీ దానికి పెద్ద బ్యాటరీ కావాలి, పెద్ద ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) కావాలి, ఆ బరువు మోయడానికి మళ్లీ పవర్ కావాలి. ఆ దారిలో నేను కొంత దూరం పోయి వచ్చాను. ఎక్కువసేపు ఎగరాలని 5000 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టాను. చక్రాలతో కలిపి మొత్తం 2.4 కిలోలు తూగింది.

ఇప్పుడు దగ్గరగా చూడండి. ఇది సూట్‌కేసు తూచే కొక్కెం కాటా. జెట్ తోకకి తాడు కట్టి, కాటాని ఈ గుంజకి తగిలించి ఫుల్ థ్రాటిల్ ఇస్తున్నా. 1.7 కిలోల థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం. పెట్టె మీద 2.2 అని ఉంది! అది అబద్ధం కాదు, ఫ్యాన్‌ని బయట పెట్టి కొలిచిన లెక్క. బాడీలో బిగించాక గాలి లోపలికి వచ్చే దారి ఇరుకవుతుంది. పైగా మన ఎండ. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల వేడిలో ఇక్కడి గాలి, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలి కంటే దాదాపు 12 శాతం పలుచన. ఫ్యాన్‌కీ పట్టు తగ్గుతుంది, రెక్కకీ తగ్గుతుంది. అందుకే పెట్టె మీది అంకె చూసి కొనకండి, మీ జెట్‌లో బిగించి మీరే కొలవండి.

డెల్టాకి ఈ థ్రస్ట్ ఎందుకంత ముఖ్యమో చెప్తా. ముక్కు బాగా పైకెత్తినా ఈ రెక్క మామూలు రెక్కలా టక్కున స్టాల్ అవ్వదు, అంటే లిఫ్ట్ (పైకి లేపే బలం) ఒక్కసారిగా పోదు. అది దాని గొప్పతనం. కానీ ఆ భంగిమలో డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) విపరీతంగా పెరుగుతుంది. చేతిలో పవర్ మిగిలి లేకపోతే ముక్కు పైకే ఉంటుంది, జెట్ మాత్రం కిందికి దిగిపోతుంది. 2.4 కిలోలప్పుడు నాకు సరిగ్గా అదే అయింది. అదిగో ఆ గట్టు మీద పడింది, ముక్కు నలిగింది.

తర్వాత బ్యాటరీ 3300కి మార్చాను, 270 గ్రాములు పోయాయి. ఈ మట్టి నేలలో చక్రాలు ఎలాగూ పరిగెత్తవు, అవీ తీసేశా, ఇంకో 160 పోయాయి. ఇప్పుడు 1.97 కిలోలు. ఫ్యాన్ మార్చలేదు. బరువుతో పోలిస్తే థ్రస్ట్ 0.71 నుంచి 0.86కి వచ్చింది, ల్యాండింగ్ వేగం లెక్క ప్రకారం దాదాపు 9 శాతం తగ్గింది. ఫ్లయిట్ టైమ్ 5 నిమిషాల నుంచి 4కి పడింది. నాకు ఆ నిమిషం పోయినా బాధ లేదు.

ఒక జాగ్రత్త. బరువు తీసేస్తే సీజీ, అంటే బరువు కేంద్రం, కదులుతుంది. అచ్చమైన త్రికోణం రెక్కయితే న్యూట్రల్ పాయింట్ (సీజీ దీని వెనక్కి పోతే జెట్ నిలకడ తప్పుతుంది) సుమారుగా రెక్క బాడీకి అతికే చోటి పొడవులో సగం దగ్గర ఉంటుంది. సీజీ దానికి ముందే ఉండాలి. ముక్కులో సీసం పోయకండి, బ్యాటరీనే ముందుకు జరపండి. నాకు 3 సెంటీమీటర్లు జరిపితే సరిపోయింది.

టర్బైన్ (ఇంధనం మండించే అసలు జెట్ ఇంజిన్) సంగతీ అడిగారు. అందులో థ్రాటిల్ ఇచ్చిన వెంటనే థ్రస్ట్ రాదు, కొన్ని సెకన్లు పడుతుంది. ముందు ఈడీఎఫ్‌తో డెల్టాని నెమ్మదిగా దింపడం చేయి తిరగనివ్వండి.

రండి, ఎగరేద్దాం. బంగీ (రబ్బరు) తాడు లాగి వదిలా... చూశారా, కిందికి జారలేదు. ఎలివాన్లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ఎక్కువ ఎత్తడం లేదు, ఎత్తితే ముందు లిఫ్టే పోతుంది. ఇదిగో ల్యాండింగ్. ముక్కు పైకి, సగం కంటే తక్కువ థ్రాటిల్, గాలికి ఎదురుగా... దిగింది, పొట్ట మీద మెత్తగా. సెల్‌కి 3.75 వోల్టులు ఉంది. ఇంకో రౌండ్ వేయాలంటే చార్జ్ పెట్టాల్సిందే.