బ్యాటు అంతంతమాత్రమే, కొలువు మాత్రం 15 సీజన్లు: డేవిడ్ రాస్ కథ

నమస్కారం. బేస్‌బాల్ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "క్యాచర్ అంటే వికెట్ కీపరే కదా" అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నిలబడే చోటు ఒకటే కావచ్చు, ఉద్యోగం పూర్తిగా వేరు. ఏ బంతి వేయాలో కీపర్ బౌలర్‌కి చెప్పడు. క్యాచర్ చెబుతాడు, అదీ ప్రతి బంతికీ: వేగంగా వేయాలా, వంపు తిప్పాలా, లోపలికా, బయటికా. పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాడు, క్యాచర్ ఇంకొకటి సూచిస్తాడు. ఒక్కో మ్యాచ్‌లో దాదాపు 150 సార్లు ఇదే తంతు, గొంతుక్కూర్చుని, ముఖానికి ఇనుప కటకటాల ముసుగుతో.

దీన్ని పోల్చాలంటే నాకు పద్యనాటకాల్లో హార్మోనిస్టు గుర్తొస్తాడు. కృష్ణుడి వేషధారి ఒక ఊరి నుంచి వస్తాడు, అర్జునుడు మరో ఊరి నుంచి. ఎవరిది ఏ శ్రుతో, ఎవరు రాగం ఎంతసేపు లాగుతారో, ఎవరికి ఎక్కడ ఊపిరి అందదో అన్నీ ఆ మనిషికి తెలియాలి. చప్పట్లు మాత్రం పద్యం పాడినవాడికే. రేపు మరో సమాజం పిలిస్తే అక్కడికీ పెట్టె మోసుకుని వెళ్లాలి.

క్యాచర్ డేవిడ్ రాస్ సరిగ్గా అలాంటి మనిషి. 1977లో జార్జియా రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. 1998 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తంతు) లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఏడో రౌండ్‌లో తీసుకుంది. 2002లో అమెరికా బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్.

[తెరపై మ్యాపు: లాస్ ఏంజెలెస్, పిట్స్‌బర్గ్, శాన్ డియాగో, సిన్సినాటి, బోస్టన్, అట్లాంటా, మళ్లీ బోస్టన్, చివరికి షికాగో]

మొత్తం ఏడు జట్లు. కెరీర్ బ్యాటింగ్ సగటు .229, అంటే వెయ్యి బ్యాటింగ్ అవకాశాల్లో 229 హిట్లే. ఈ అంకె చూసి "ఎక్కడా నిలవలేని ఆటగాడు" అనేస్తారు. నేనైతే తిప్పి అడుగుతాను: నిలవలేని మనిషిని ఏడు జట్లు ఎందుకు పిలిచాయి? 162 మ్యాచ్‌ల సీజన్‌ని ఒక్క క్యాచర్ మోకాళ్లు మోయలేవు. అందుకే ప్రతి జట్టుకూ రెండో క్యాచర్ కావాలి. వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు ఆడి, మిగతా రోజుల్లో పిచ్చర్ల తీరు చదువుకునే మనిషి. ఆ కొలువు ఏడాదికో రెండేళ్లకో కుదుర్చుకునేదే. శ్రుతి పట్టుకున్న హార్మోనిస్టుని ఏ సమాజం వదులుకుంటుంది చెప్పండి!

ఇక అసలు ముచ్చట, జాన్ లెస్టర్. బోస్టన్‌లో రాస్‌తో కలిసి 2013 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్ పోరు) గెలిచిన ఎడమచేతి పిచ్చర్. గొప్ప పిచ్చరే, కానీ ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. మొదటి బేస్ (పరుగుకు బయల్దేరినవాడు ముందుగా చేరి ఆగే చోటు) వైపు బంతి విసరలేడు. బేస్ వదిలి జరిగిన రన్నర్‌ని బంతితో తాకితే ఔట్, అందుకే వాణ్ని బెదిరించడానికి అప్పట్లో పిచ్చర్లు మాటిమాటికీ అటు విసురుతుండేవారు, 2014 సీజన్ మొత్తంలో లెస్టర్ ఆ ప్రయత్నమే చేయలేదు. ఈ సంగతి పసిగట్టిన రన్నర్ బేస్ వదిలి ఎంత దూరమైనా జరగొచ్చు.

2014 డిసెంబరులో షికాగో కబ్స్ లెస్టర్‌ని ఆరేళ్లకు 155 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకుంది. అదే నెలలో రాస్‌ని కూడా తీసుకుంది, రెండేళ్లకు 5 మిలియన్లకు. రెండో ఒప్పందం లేకపోతే మొదటిదాని విలువ తగ్గేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే లెస్టర్ విసరలేని బంతిని రాస్ విసిరేవారు. పిచ్ గ్లవ్‌లో పడ్డ మరుక్షణం, బేస్‌కి దూరంగా జరిగిన రన్నర్ వెనక నుంచి, మొదటి బేస్ దగ్గర ఆంథొనీ రిజ్జో చేతికి. గాయకుడికి ఊపిరి అందని చోట హార్మోనియం స్వరం నిలబెట్టినట్టు.

ఇప్పుడు 2016 నవంబరు 2, క్లీవ్‌లాండ్. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, అంటే విజేతను తేల్చే ఆఖరిది. కబ్స్ టైటిల్ గెలిచి 108 ఏళ్లు. రాస్‌కి 39 ఏళ్లు, ఇదే ఆఖరి మ్యాచ్. అయిదో ఇన్నింగ్స్‌లో కబ్స్ 5-1 ఆధిక్యంలో ఉండగా లెస్టర్, రాస్ ఇద్దరూ కలిసి మైదానంలోకి వచ్చారు. వెంటనే క్లీవ్‌లాండ్ బ్యాటర్ జేసన్ కిప్నిస్ బ్యాటుకు సరిగా తగలని బంతి, బ్యాటర్ నిలబడే ప్లేటు ముందు దొర్లింది. రాస్ అందుకుని విసిరితే దారి తప్పింది. తర్వాత లెస్టర్ వేసిన బంతి నేలకు తగిలి, రాస్ ముసుగుకు కొట్టుకుని పక్కకు ఎగిరిపోయింది. దాని కోసం వెళ్లబోయి రాస్ తూలి పడ్డారు. బేస్‌ల మీదున్న ఇద్దరూ వచ్చేశారు, ఒక్క బంతికి రెండు పరుగులు. 5-3.

మరుసటి ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ పిచ్చర్ ఆండ్రూ మిల్లర్ బౌలింగ్‌లో రాస్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టారు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టినవారిలో అందరికన్నా పెద్ద వయసు ఆయనదే. టీవీలో ఎప్పుడూ ఇదే వేస్తారు. నాకు మాత్రం దాని చుట్టూ ఉన్న ఆట ఎక్కువ ఇష్టం. అంత గందరగోళం తర్వాత కూడా ఆ ఇద్దరూ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఆటను పట్టు జారనివ్వలేదు. అపశ్రుతి పలికిన నటుణ్ని తర్వాతి పద్యానికి నిలబెట్టడం ఎంత కష్టమో నాటకాలు చూసినవారికి తెలుసు, పైగా ఇక్కడ తడబడినవారిలో హార్మోనిస్టూ ఉన్నాడు! చివరికి తొమ్మిది ఇన్నింగ్స్‌లకూ సమమై, అదనంగా ఆడిన పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ 8-7తో గెలిచింది. సహచరులు రాస్‌ని భుజాల మీద మోశారు.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్రేమింగ్: అంచున పడ్డ బంతిని గ్లవ్ కదిలీ కదలనట్టు అందుకుని, అంపైర్ చేత స్ట్రైక్, అంటే బ్యాటర్ ఆడాల్సిన మంచి బంతి, అనిపించే పనితనం. రాస్ ఇందులో దిట్ట. బంతి దారిని కెమెరాలు కొలవడం మొదలయ్యాకే దీని విలువ అంకెల్లో తేలింది. ఇక సంకేతాలు: 2022 నుంచి వేళ్లతో చేసే సైగలకు బదులు పిచ్‌కామ్ అనే మీటల పరికరం వాడుతున్నారు, అయినా ఏ మీట నొక్కాలో తేల్చాల్సింది మనిషే. రాస్ 2020 నుంచి 2023 వరకు అదే కబ్స్‌కి మేనేజర్‌గా, అంటే మైదానంలో జట్టును నడిపే కోచ్‌గా, చేశారు. మేనేజర్లలో మాజీ క్యాచర్లు ఎందుకంత మంది అన్నది వచ్చే వీడియోలో చూద్దాం.