నెల తర్వాత వెళ్లి చూడండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న వయోధికులకు నమస్కారం. వృద్ధులకు సహాయక సాధనాల వాడకం నేర్పే సామాజిక రోబోలను, అంటే మనుషులతో మాట్లాడుతూ మెలిగే రోబోలను, ఎలా మూల్యాంకనం చేయాలన్నది నాకిచ్చిన అంశం. మూడు భాగాలుగా మాట్లాడతానని రాసి ఇచ్చాను. రెండో భాగం దగ్గరే నాకు కోపం ఉంది కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది త్వరగా ముగిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం 250 కోట్లకు పైగా మందికి కళ్లజోడు, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ వంటి ఏదో ఒక సాధనం అవసరం. 2050 నాటికి ఆ సంఖ్య 350 కోట్లకు చేరుతుందని అంచనా. సాధనం చేతికి రావడం ఒక ఎత్తు, వాడకం వంటబట్టేదాకా పక్కన కూర్చుని నేర్పేవారు దొరకడం మరో ఎత్తు. రోబో విసుక్కోదు, "ఇందాకే చెప్పాను కదా" అనదు. దాని మీద ఆశ పెట్టుకోవడం న్యాయమే.

ఇక రెండోది. అలాంటి ఒక పరీక్షకు పరిశీలకురాలిగా వెళ్లాను. ఒక పెద్దావిడకు వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చడం రోబో నేర్పుతోంది. గోరంత బ్యాటరీ. దాని మీది స్టిక్కరు ఒలిచి, కాసేపు గాలి తగలనిచ్చి, ప్లస్ గుర్తున్న చదునైన వైపు సరిచూసుకుని అరలో పెట్టాలి. తిరగేసి పెడితే మూత పడదు. ఆవిడ తిరగేసే పెట్టారు. మూత పడలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కుతూనే ఉన్నారు. రోబో చేతులు పైకెత్తి "శభాష్, చాలా బాగా చేశారు" అంది. దానికి ఆ వేళ్లు కనిపిస్తే కదా!

తర్వాత ప్రశ్నావళి ఇచ్చారు. ఆవిడ అన్నిటికీ అయిదుకు అయిదు వేశారు. ఎందుకని అడిగితే, "పాపం, అంత ముద్దుగా చెప్పింది, తక్కువ ఎలా వేస్తానమ్మా? సగం వినపడలేదు గానీ" అన్నారు. వినపడకపోవడంలో వింత లేదు. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నని, కీచు ధ్వనులనే మింగేస్తుంది. రోబోకేమో పసిపిల్లల సన్నని గొంతు పెట్టారు. వినికిడి యంత్రం నేర్పే గురువు గొంతే వినపడకపోతే ఆ పాఠం ఎవరికి? ఆ అయిదులన్నీ మాత్రం పట్టికలోకి ఎక్కాయి. ఆ వినికిడి యంత్రం ఆ తర్వాత పనిచేసిందా అని ఎవరూ అడగలేదు. నాకు కోపం రాదా, మీరే చెప్పండి!

ప్రశ్నావళులు వద్దని నేననను. 1986లో రూపొందిన పది వాక్యాల వినియోగ సౌలభ్య కొలమానం ఉంది. వృద్ధులు ఇలాంటి రోబోలను ఎంతవరకు ఆమోదిస్తారో తెలుసుకోవడానికి 2010లో ప్రచురించిన ఆల్మేరే నమూనా ఉంది. ఆనందం, నమ్మకం, వాడాలన్న ఉద్దేశం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ వాడాలనిపించడం వేరు, వాడగలగడం వేరు. కొత్త వస్తువు మీది మోజు మొదటి వారంలో మార్కులు పెంచుతుంది. పక్క గదిలో ఒకరు కూర్చుని రోబో మాటలను నడిపించే ప్రయోగాలూ ఉన్నాయి. పరిశోధక విద్యార్థులారా, దయచేసి ఆ సంగతి నివేదికలో మొదటి పేజీలోనే రాయండి. అదే పాఠాన్ని ట్యాబ్లెట్ మీద, మనిషి చేత కూడా చెప్పించి పోల్చండి. మధ్యలో మానేసిన వారి దగ్గరకు వెళ్లి ఎందుకు మానేశారో అడగండి. జవాబు చెప్పేముందు పెద్దలు కాస్త ఆగుతారు. ఆ విరామంలో రోబో ఎన్నిసార్లు అడ్డొచ్చిందో లెక్కపెట్టండి.

మూడో భాగానికి సమయం తక్కువ. 2019లో జిబో అనే ఇంటి రోబో, తన సర్వర్లు ఆగిపోబోతున్నాయని తానే యజమానులకు చెప్పి వీడ్కోలు తీసుకుంది. గురువు ఇలా వెళ్లిపోయాక కూడా శిష్యుడి చేతిలో విద్య మిగలాలి కదా. అందుకే రోబో పక్కన లేనప్పుడు, ఎవరూ గుర్తుచేయనప్పుడు, సొంత సాధనంతో పెట్టే పరీక్ష కావాలి.

ఈ మధ్యాహ్నం మూల్యాంకన పత్రం ఖరారు చేసే సమావేశం ఉంది. అందులో కూర్చునే వారిని నేరుగా అడుగుతున్నాను: నెల తర్వాత ఇంటికి వెళ్లి, ఆ పెద్దవారి చేతే బ్యాటరీ మార్పించి చూసే అంశాన్ని అందులో చేర్చండి. ప్రయాణ ఖర్చులకు డబ్బు లేదంటే రంగుల కరపత్రాలు తగ్గించుకోండి. వెళ్లేవారు లేరంటే నేను వెళ్తాను.