లెక్కలు నేర్పడానికి కాదు, ఏరిపారేయడానికే!

సీబీఎస్‌ఈ పదో తరగతిలో మ్యాథ్స్ బేసిక్, మ్యాథ్స్ స్టాండర్డ్ అని రెండు పేపర్లు పెట్టిన గొడవ మీకు తెలిసిందే, 2020 పరీక్షల నుంచి నడుస్తోంది. సిలబస్ ఒకటే, పుస్తకం ఒకటే, పేపర్ మాత్రం బేసిక్ తేలిక, స్టాండర్డ్ కష్టం, ఏది రాయాలో ముందే ఎంచుకోవాలి. పిల్లలకి టెన్షన్ తగ్గిద్దామని పెట్టారట! మరి బేసిక్ రాసినవాడికి పదకొండులో మ్యాథ్స్ లేదని రూల్ ఎందుకు పెట్టినట్టు? తర్వాత సడలింపులు ఇచ్చారులెండి, కానీ ఆలోచన బయటపడిపోయింది కదా. నేను చెప్పేది ఒక్కటే: మన బళ్ళో లెక్కలున్నది నేర్పడానికి కాదు, వడగట్టడానికి!

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. వీధి బళ్ళలో లెక్కలంటే బతుకుతెరువు. అణాలు, వీసాలు, శేర్లు, వడ్డీలు. కొట్లో కూర్చుంటే మోసపోకూడదు, అంతే లక్ష్యం. 1957 ఏప్రిల్‌లో రూపాయికి వంద పైసలు వచ్చేసరికి, పదహారణాల లెక్కతో పెరిగిన మన తాతలు ఎంత తిట్టుకుని ఉంటారో!

అదే ఏడాది అక్టోబర్‌లో రష్యా స్పుత్నిక్ వదిలింది. అమెరికా బెదిరిపోయి, సైంటిస్టులు కావాలని బడి లెక్కల్నే మార్చేసింది, సమితులు (సెట్స్) గిమితులు అన్నీ చిన్నపిల్లల నెత్తిన పెట్టింది. ఆ గాలి మనదాకా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి చదివినవాళ్ళకి లెక్కల్లో ప్రవచనాలు (నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాలు), వాటి సత్యపట్టికలు, మాత్రికలు (మ్యాట్రిక్స్‌లు) గుర్తుండే ఉంటాయి. ఎందుకు చదివాం? ఎవడైనా చెప్పాడా? ఈలోగా దేశంలో చదువులు ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన కొఠారీ కమిషన్, 1964 నుంచి 66 దాకా కూర్చుని, పదేళ్ళ చదువులో అందరికీ లెక్కలు తప్పనిసరి అంది. మంచి మాటే. కానీ అందరికీ తప్పనిసరి అయిన సబ్జెక్టే అందర్నీ జల్లించడానికి బాగా పనికొస్తుందని ఎవరో కనిపెట్టేశారు, అదే నా థియరీ!

కాగితం మీద మాత్రం అద్భుతం. బళ్ళలో ఏం నేర్పాలో చెప్పే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (ఎన్‌సీఎఫ్) ఏమంది? కూడికలు తీసివేతలు చిన్న లక్ష్యమట, పిల్లాడి ఆలోచనే గణితంలా సాగడం అసలు లక్ష్యమట. దాని కోసం కూర్చున్న నిపుణుల బృందం మొట్టమొదటి సమస్యగా రాసిందేంటో తెలుసా, పిల్లల్లో భయం, ఓడిపోయామన్న భావన. 2020 విద్యావిధానం కూడా గణిత ఆలోచన అనే అంది. మరి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని బ్యాచ్‌లు విడదీసే మన ఊళ్ళలో ఏ ఆలోచన సాగుతోంది స్వామీ? ర్యాంకు ఆలోచన!

ఎవరేమన్నా సరే, రెండు పేపర్లు పిల్లల ఇష్టం కోసం కాదు. మీ ఇంట్లో సీబీఎస్‌ఈ పదో తరగతి చదివేవాళ్ళుంటే కామెంట్లో నిజం రాయండి: ఫారంలో బేసిక్ అని పెట్టమన్నది పిల్లాడా, రిజల్ట్ చెడిపోతుందని భయపడ్డ స్కూలా?